కరెంటు లేదన్న మాట

సాయంకాలమున నొక రైతు బావిగట్టున నిలిచి, మోటారు తిరుగుటలేదేమని ఆవలి గట్టువానిని కేకవేసి యడుగును. “కరెంటు లేదులే అన్నా” అని ప్రత్యుత్తరము వచ్చును. ఆ మాట నమ్మి యాతడు స్టార్టరు పెట్టె మూత తెఱచి, లోపలి తీగను సవరింప చేయి పెట్టును. పిమ్మట నేమి జరుగునో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. అట్టి వార్తలు ప్రతి వర్షకాలమునను పత్రికల మూలలలో నాలుగు పంక్తులుగా వచ్చుచునే యున్నవి.

ఆవలి గట్టువాడు అసత్యమాడలేదు. అతని భాషలో కరెంటు లేదనగా మూడు ఫేజుల సరఫరా లేదని, అనగా మోటారు తిరుగదని, అర్థము. వ్యవసాయమునకిచ్చు మూడు ఫేజుల సరఫరాను నియమితకాలము కాగానే నిలిపివేసి, ఇండ్ల దీపములకొఱకు ఒక ఫేజును అవే తీగలలో కొనసాగించు తావులు కలవు. ఆ యొక్క ఫేజు అయిదు హార్స్‌పవరు మోటారును త్రిప్పజాలదు, మనుష్యుని చంపజాలును. మోటారు విషయమున “లేదు” అను మాట నిజమే. చేతి విషయమున నది నిజము కాదు. ఒకే మాట రెండు చోట్ల రెండర్థముల నిచ్చుచున్నది. నడుమ నొక కుటుంబము దిక్కులేనిదగుచున్నది.

విద్యుత్పదముల విషయము ఇంజనీర్లదని భాషాభిమానులు విడిచిరి; భాషావిషయమని ఇంజనీర్లు విడిచిరి. ఉభయులు విడిచిన ఈ విషయము ప్రాణవిషయమని మా యభిప్రాయము. కావున దీనిని కొంత విపులముగా చర్చింపదలచినాము.

కరెంటనగా ఆంగ్లమున ప్రవాహము. పాఠశాలలో బాలుడు దానిని ఆంపియర్లతో కొలుచును. ఆ బాలుడే ఇంటికి వచ్చి “కరెంటు పోయింది” అన్నప్పుడు దాని యర్థము సరఫరా. “కరెంటు తక్కువగా వస్తోంది” అన్నప్పుడు వోల్టేజి. “ఈ ఫ్రిజ్జు కరెంటు బాగా కాలుస్తుంది” అన్నప్పుడు యూనిట్ల లెక్క. “నాన్న కరెంటు కట్టి వచ్చాడు” అన్నప్పుడు బిల్లు. “కరెంటు కొట్టింది” అన్నప్పుడు షాకు. ఒక్క మాట అయిదు పనులు చేయుచున్నది. ఇది తెనుగువారి ప్రత్యేకదోషము కాదు. తమిళులును కన్నడిగులును మలయాళీలును సరఫరాను కరెంటనియే పిలుచుచున్నారు. ఉత్తరదేశమున “లైటు పోయిన” దందురు, లేదా “బిజ్లీ” పోయిన దందురు. మహారాష్ట్రమున “లోడ్ షెడ్డింగు” అన్నది మనకు “కోత”. ఇంగ్లండున “పవర్ కట్టు” అగునది అమెరికాలో “ఔటేజి”. వస్తువును స్వీకరించిన ప్రతిజాతియు తనకు తోచిన పేరు పెట్టుకొన్నది.

వాడుకపై మాకు కోపము లేదు. దీపము ఆరినదనుట అశుభమని తలచి “కొండెక్కినది” అన్న జాతి మనది. విద్యుద్దీపము వచ్చిన పిమ్మట ఆ జాతియే “బల్బు పోయింది”, “మాడిపోయింది”, “కొట్టేసింది” అని మూడు మాటలు పుట్టించుకొన్నది. తెలంగాణమున బల్బును బుగ్గ యందురు. కోస్తావారికి బుగ్గ ముఖమున నుండును గాన, “బుగ్గ మాడింది” అన్న మాట విని వారు మొదట నవ్వుదురు, పిదప నేర్చుకొందురు. ఇట్టి భేదములు భాషకు సొమ్ములే గాని లోపములు కావు. బుగ్గ యన్నను బల్బన్నను ఒకరికి హాని లేదు. మేము భయపడుచున్నది వేఱు విధమైన భేదమునకు.

మన క్రియాపదములను చూడుడు. “లైటు వెయ్యి” అనగా వెలిగింపుమని; “తలుపు వెయ్యి” అనగా మూయుమని. “తలుపు తియ్యి” అనగా తెఱువుమని. “లైటు తీసెయ్యి” అనగా ఆర్పుమని. “మోటారు కట్టెయ్యి” అనగా ఆపుమని. “ఫ్యూజు కట్టు” అనగా తీగ చుట్టి సరఫరాను మరల రప్పింపుమని. నిచ్చెనమీద నున్నవాడు “కట్టు” అని కేకవేసినచో క్రింద నున్నవాడు ఏమి చేయవలెను? అలవాటుపడిన జంట యైనచో గ్రహింతురు. నిన్న చేరిన కుఱ్ఱవాడు గ్రహింపడు.

ఇంతకంటె కఠినమైనది “చాలు” అను మాట. కోస్తాలోను రాయలసీమలోను “చాలు” అనగా ఇక నిలుపుమని. తెలంగాణమున “మోటరు చాలు చెయ్యి” అనగా నడిపింపుమని. హైదరాబాదున కట్టుచున్న మేడలలో శ్రీకాకుళమువాడును మహబూబునగరమువాడును ఒకే యంతస్తులో పని చేయుచున్నారు. ఒకడు తీగ చేతపట్టి “చాలు” అని యఱచినప్పుడు, రెండవవాడు ఏ జిల్లావాడన్నదానిపై మొదటివాని బ్రతుకు ఆధారపడుట న్యాయమా? ఇచ్చట మేమొక నిజము చెప్పవలసి యున్నది. నిలుపుట విషయమున తెలంగాణమువారి “బంద్” అను మాట కోస్తావారి “కట్టు”, “తీయు” అనువానికంటె మేలైనది. దానికి రెండవ యర్థము లేదు. అది ఉర్దూ మార్గమున వచ్చినదని మొగము చిట్లించువారు, ఆ మాట కాపాడగల ప్రాణమును లెక్కింతురు గాక.

ప్రాంతభేదమున కిది యుదాహరణము. వృత్తిభేదము దీనికంటె లోతైనది. ఎర్తు అను మాటనే తీసికొందము. ఇండ్లకు తీగలు వేయువానికి ఎర్తనగా రక్షణము. పెరటిలో బొగ్గు, ఉప్పు వేసి గొట్టము పాతి, దానినుండి తెచ్చిన ఆకుపచ్చని తీగ అది. దానిలో సాధారణముగా ప్రవాహ ముండరాదు. వాహనముల మెకానిక్కునకు ఎర్తనగా బండి యినుపదేహము. బ్యాటరీకి తిరిగిపోవు ప్రవాహము నిత్యమును దానిగుండనే పోవును. మోటార్లకు తీగ చుట్టువాడు “మోటారు ఎర్తయింది” అన్నచో, లోని తీగపై పూత చెడి తీగ యినుపదేహమునకు తగిలినదని యర్థము. ఒకనికి రక్షణము, ఒకనికి నిత్యమార్గము, ఒకనికి దోషము! ఇంటి యజమానురాలు “మోటారుకు ఎర్తు ఉంది” అని విని నిశ్చింతగా నీళ్లు పట్టుకొనవలెనా, భయపడి దూరముగా నిలువవలెనా?

“లో టెన్షన్” అను మాట మఱింత మోసకరమైనది. లైను పనివారికి 11,000 వోల్టుల తీగ హై టెన్షను. వీధిలో నుండు 400 వోల్టుల తీగ లో టెన్షను. సెల్‌ఫోనులు బాగుచేయువానికి తక్కువ వోల్టేజి యనగా అయిదు వోల్టులు. అతడొకనాడు స్తంభముపై “ఎల్.టి.” అన్న అక్షరములు చూచి, అది తక్కువదే కదా యని తలచిన, తప్పు ఆతని తెలివిదా, ఆ మాటదా? మనుష్యుని చంపుటకు ఆ తక్కువయే కావలసినదానికంటె ఎక్కువ.

ప్రాణముతో పోక, ధనముతో పోవు భ్రాంతులును కలవు. ఫ్యాను మెకానిక్కు కండెన్సరన్నచో పాఠ్యపుస్తకము కెపాసిటరనునట్టి చిన్నడబ్బీ. శీతలయంత్రముల మెకానిక్కు కండెన్సరన్నచో వాయువును చల్లార్చు పెద్ద గొట్టముల చట్రము. ఎయిర్ కండిషనరు వెలుపలి పెట్టెలో ఈ రెండును ఉండును. “కండెన్సర్ పోయింది” అని చెప్పి, వందలలో పోవు దానికి వేలు పుచ్చుకొనినను గృహస్థునకు తెలియదు. ఇన్వర్టరన్న మాటయు నిట్టిదే. ఇంటివారికి అది బ్యాటరీతో కూడిన పెట్టె. సూర్యరశ్మి పలకల వ్యాపారికి ఏకముఖ విద్యుత్తును ఏకాంతర విద్యుత్తుగా మార్చు యంత్రము. ఎయిర్ కండిషనర్ల దుకాణములో అది కంప్రెసరు వేగమును తగ్గించి పెంచు ఏర్పాటు. అంగడికి పోవువాడు ఏ యర్థముతో అడుగుచున్నాడో, అమ్మువాడు ఏ యర్థముతో ఇచ్చుచున్నాడో ఇరువురును విచారింపరు.

అంగడి విషయము వచ్చినది గావున మఱియొకటి చెప్పెదము. ఇండ్లలో పెట్టు ట్రిప్పు స్విచ్చీలు ముఖ్యముగా రెండు రకములు. మొదటిది ఎం.సి.బి.; అది ప్రవాహము మితిమీరినపుడు తీగ కాలిపోకుండ ఆపును. రెండవది ఆర్.సి.సి.బి.; అది ప్రవాహము కొంచెము ప్రక్కదారి పట్టి మనుష్యదేహముగుండ నేలకు పోవుచున్నపుడు ఆపును. ఇండ్లకు తగినది 30 మిల్లీ ఆంపియర్లకే తెగును. మొదటిది తీగను రక్షించును, రెండవది మనుష్యుని రక్షించును. మన జనులు రెంటిని ట్రిప్పు స్విచ్చి యనియే యందురు. మొదటిది కొని పెట్టించి, బిడ్డలకు ఇక భయము లేదని తలచి నిదురించు గృహస్థు లెందఱో కలరు.

ఇక మమ్ము మిక్కిలి కలతపెట్టిన మాటకు వచ్చెదము. అది “లైన్ క్లియర్”. రైలుశాఖలో లైన్ క్లియరిచ్చుట యనగా పట్టాలపై ఏమియు లేదు, బండి రావచ్చునని యనుమతించుట. విద్యుచ్ఛాఖలో లైన్ క్లియరిచ్చుట యనగా సరఫరా నిలిపితిమి, మనుష్యుడు ఎక్కి పని చేయవచ్చునని యనుమతించుట. దీనినే ఎల్.సి. యందురు. ఒకే రెండు మాటలు ఒక శాఖలో “వచ్చుచున్నది, తొలగుము” అని చెప్పగా, మఱియొక శాఖలో “రాదు, దగ్గఱకు పొమ్ము” అని చెప్పుచున్నవి. విద్యుచ్ఛాఖలోనే “ఎల్.సి. ఇచ్చినారు” అనుటకును “ఎల్.సి. తిరిగి ఇచ్చినారు” అనుటకును నడుమ ఒక్క పదమే భేదము. మొదటిదానికి తీగ చచ్చినదని యర్థము; రెండవదానికి పని ముగిసినది, సరఫరా విడువవచ్చునని యర్థము. తుపాను రాత్రి గాలిహోరులో, ఫోనులో సగము వినబడి సగము వినబడక, ఆ యొక్క పదము జారిపోయినచో స్తంభముపై నున్నవాని గతి యేమి? ఎల్.సి. తీసికొని పని చేయుచుండగా సరఫరా వచ్చి మృతి చెందిన లైను పనివారి వార్తలు చదువనివారు మనలో లేరు. ఆ మరణములన్నియు మాటవలననే సంభవించినవని మేమనము. తీగను పరీక్షింపకపోవుట, దానిని ఎర్తుకు కలుపకపోవుట, వెనుకనుండి ఎవరి యింటి జనరేటరో తీగలోనికి విద్యుత్తును త్రోయుట, ఇట్టి కారణములు పెక్కు గలవు. కాని ఈ జాగ్రత్త లన్నిటికిని ఆజ్ఞ ఇచ్చునది మాటయే కదా.

రంగులును ఒకవిధమగు మాటలే. మన యిండ్లలో చిరకాలముగా నడచిన క్రమమున ఎఱుపు, పసుపు, నీలము ఫేజులకు, నలుపు న్యూట్రలుకు, ఆకుపచ్చ ఎర్తుకు. మనము కొను యంత్రముల మెత్తని త్రాళ్లలో గోధుమరంగు ఫేజు, నీలము న్యూట్రలు. అనగా గోడలో ఫేజగు నీలము త్రాటిలో న్యూట్రలగుచున్నది. ఇంగ్లండువారు 2004లో పాత రంగులను విడువనారంభించి, 2006నుండి కొత్తవానినే వాడుచున్నారు. అమెరికాలో నల్లని తీగయే ప్రాణాంతకమైనది, తెల్లనిది న్యూట్రలు. కరీంనగరమునుండి, కోనసీమనుండి, కడపనుండి మన పనివారు దేశాంతరములకు పోవుచున్నారు. నల్లని తీగ నిరపాయమని ఇచ్చట నేర్చిన చేయి ఆ నమ్మకమునే వెంటగొని పోవును. న్యూట్రలన్న మాటయే మన ఇండ్లలోను మోసగించుచున్నది. స్తంభమువద్ద ఆ తీగ తెగినపుడు, దానినంటియున్న యిండ్లలో 230 వోల్టులకు మాఱుగా 400 వోల్టుల దాక వచ్చి సామానులు కాలిపోవును. తెగిన తీగయు షాకు కొట్టును. తటస్థుడని పేరుగలవాడు ఎల్లప్పుడును తటస్థుడుగా నుండడు.

దీనికి మందేమి? కొందఱు పండితులు అన్నిటికిని సంస్కృతపదములు కల్పింపుడందురు. శాస్త్రమును తెనుగున చెప్పవలెనని 1906లో విజ్ఞానచంద్రికా మండలి నెలకొల్పిన మహనీయులయెడ మాకు గల గౌరవము చెప్పనలవి గాదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథములు మన బాలురకు వాహకము, నిరోధము, వలయము అను మంచి మాటల నిచ్చినవి. వానిని మేము విడువుమనము. కాని పుస్తకపు మాటయు నొక్కొక్కప్పుడు పొరపాటునకు దారి తీయును. కుళాయి మూసినచో నీరు రాదని పల్లె బాలుడెఱుగును. వలయము మూసినచో విద్యుత్తు పారునని పుస్తకము చెప్పును. తెఱచిన కుళాయి పారును, తెఱచిన వలయము పారదు. ఉపాధ్యాయుడు ఈ వైపరీత్యమును విప్పి చెప్పనిచో, బాలుడు పరీక్షలో నెగ్గి స్విచ్చిబల్లయొద్ద నోడును.

మఱికొందఱు ఆంగ్లమే చాలును, తెనుగెందుకందురు. మేము పైని చూపిన ఎర్తు, కండెన్సరు, ఇన్వర్టరు, లైన్ క్లియరు అన్నియు ఆంగ్లపదములే కదా! ఆంగ్లమైనంతమాత్రమున స్పష్టత రాలేదు. వ్యాధి పదము ఏ భాషదన్నదానిలో లేదు. పదమునకు అర్థము నిలుపుకొనకపోవుటలో నున్నది.

కావున మా సూచన లివి. మొదటిది, పనివారి మాటలను పోగుచేయవలెను. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయపదములను, 1971లో చేనేతపదములను మాండలిక వృత్తిపదకోశములుగా వెలువరించిరి. రైతు నాగలి భాగమును ఏ సీమలో నేమనుచున్నాడో ఆ రైతునే యడిగి వ్రాసిరి. అదే శ్రద్ధతో లైను పనివానిని, మోటార్లు చుట్టువానిని, బోరుబావి రైతును, ఇండ్లకు తీగలు వేయువానిని అడిగి వ్రాయవలెను. ఆ కోశమున ఏ మాటకు ఏ తావున విపరీతార్థము కలదో ప్రత్యేకముగా చూపవలెను.

రెండవది, వేలకొలది మాటలను మార్చుట మాకు సమ్మతము కాదు. ప్రాణమాధారపడిన పదిపండ్రెండు మాటలను మాత్రము ఒక్కొక్క యర్థమునకు బిగింపవలెను. ఆపుట కొక మాట, విడుచుట కొక మాట, పరీక్షించితిమనుట కొక మాట, ఎర్తుకు కలిపితిమనుట కొక మాట, మనుష్యులందఱు దిగిరనుట కొక మాట. అవి తెలంగాణమువైనను, సీమవైనను, కోస్తావైనను, ఆంగ్లమువైనను మాకు పట్టింపు లేదు. ఒక్క మాటకు ఒక్క యర్థమే యుండిన చాలును. “కట్టు”, “తీయు”, “చాలు” అను మాటలను తీగల పనిలో ఆజ్ఞలుగా వాడుట మానవలెను. ఒకడు చెప్పిన యాజ్ఞను రెండవవాడు పూర్ణవాక్యముగా మరల పలికినపిమ్మటనే చేయి కదలవలెను.

మూడవది, ప్రభుత్వముల పని. అపాయసూచక ఫలకమును కపాలపు గుర్తుతో హిందీలోగాని ఆంగ్లములోగాని, దానితోపాటు ఆ జిల్లా భాషలోను పెట్టవలెనని 1956నాటి భారత విద్యుత్ నిబంధనలే శాసించినవి. ఆపదను జనుని భాషలో చెప్పవలెనను ధర్మమును చట్టమే నాడు అంగీకరించినదన్నమాట. ఆ ధర్మమును ఫలకముతోనే యాపనేల? స్టార్టరు పెట్టె మూతపై, ట్రాన్స్‌ఫార్మరు గద్దెపై, “మోటారు తిరుగకున్నను తీగ ప్రాణము తీయును” అని పెద్ద తెనుగు అక్షరములతో ఏల వ్రాయరాదు? ట్రిప్పు స్విచ్చీ పెట్టెపై “తీగకు రక్షణ” అనియో “మనిషికి రక్షణ” అనియో ఏల అచ్చువేయరాదు? 1959లో ఏర్పడిన విద్యుత్ మండలి 1999లో విడిపోయినది, 2014లో రాష్ట్రము విడిపోయినది. ఆస్తులు పంచుకొనుటకు సంఘములు కూర్చుండినవి. పండ్రెండు మాటలు కలిపి నిర్ణయించుటకు రెండు రాష్ట్రములవారు ఒకనాడు కూర్చుండుట కష్టమా?

మంచి చేతితొడుగులు, మంచి ఎర్తింగు, తగిన జీతము, తగినంతమంది మనుష్యులు ముందు కావలెనని, మాటల గొడవ పిదప చూడవచ్చునని చెప్పువారుందురు. అవి ముందు కావలెననుట నిజము. వానికి మాఱుగా మాట యిచ్చి తృప్తిపడుడని మేమనుటలేదు. కాని వానికి ధనము కావలెను, కాలము కావలెను. మాట దిద్దుకొనుటకు ఈ సాయంకాలము చాలును. ధనము రాలేదను నెపమున ఉచితముగా దొరకునది విడుచుట వివేకము గాదు.

పాఠకమహాశయులారా! ఈ రాత్రి మీ యింట దీపములు పోయినపుడు “కరెంటు పోయింది” అనుట మానుడని మేము కోరము. ఆ మాట మనది, మనయింటనే యుండనిండు. కాని తీగను ముట్టబోవువాడు “కరెంటు ఉందా?” అని మిమ్మడిగినచో, “లేదు” అని మాత్రము చెప్పకుడు. “నాకు తెలియదు, మెయిను తీసి టెస్టరు పెట్టి చూడు నాయనా” అని చెప్పుడు. ఆ రెండవ మాటకు పట్టు కాలము ఒక్క నిమిషము.